చుట్టరికాల నియంత్రణాధికారి

మానవజాతి ఇంతవరకు ఎన్నో వ్యవస్థలను నిర్మించింది గానీ, గోదావరి జిల్లాలో ఒక మనిషి తన చుట్టాలెవరికీ కనబడకుండా ఒక్క గ్లాసు తాగగలిగే వ్యవస్థను మాత్రం నిర్మించలేకపోయింది. ఆ లోటు కూడా ఈమధ్యనే తీరింది. రాజమండ్రిలో గోదావరి గట్టుకు ఎదురుగా ‘సాయంసంధ్య కాక్‌టెయిల్ అండ్ వైన్ లాంజ్’ అని ఒకటి వెలిసింది. బోర్డు కింద చిన్న అక్షరాలతో ‘అందరికీ అందుబాటులో అందమైన సాయంత్రం’ అని రాసి ఉంటుంది. ఆ ‘అందరికీ’ అన్న మాటే మొదట కొంప ముంచింది.

లాంజ్‌ను కట్టిన ఇంజినీరు బెంగుళూరు నుంచి వచ్చాడు. నాలుగు వైపులా అద్దాలు పెట్టాడు. మధ్యలో గోడ లేకుండా పొట్టి సోఫాలు వేయించాడు. ఎక్కడ కూర్చున్నా హాలు మొత్తం కనబడుతుంది. మనుషులు ఒకరినొకరు చూసుకుంటే మనసు తేలికపడుతుందని ఆయన చదువుకున్నాడు. ఆయనకు రాజమండ్రిలో చుట్టాలు లేరు.

మొదటి సాయంత్రం నలభై ఆరు మంది వచ్చారు. ఏడుంబావు అయ్యేసరికి ఒక బాబాయి తన అన్న కొడుకును చూశాడు. ఒక మేనల్లుడు మేనమామను చూశాడు. ఒక హెడ్మాస్టరు తన బడి పంతుళ్ళు ముగ్గురినీ చూశాడు, ఆ ముగ్గురూ హెడ్మాస్టరును చూశారు. (ఎవరు ఎక్కువ భయపడ్డారన్నది నేటికీ తేలలేదు.) కేకలు లేవు, గొడవ లేదు. మనవాళ్ళు మర్యాదస్తులు. ‘తమరేంటండీ ఇలా’ అని ఒకరంటే, ‘ఊరికే, ఏసీ బాగుంటుందంటేనండి’ అని ఇంకొకరన్నారు. విచారణలో నలభై ఆరు మందీ ఏసీ కోసమే వచ్చినట్టు తేలింది. చేతిలో గ్లాసులున్నవారు వాటిని పక్కనున్న మొక్కల కుండీల్లో ఒంపేసి, వెనకదారిన వెళ్ళిపోయారు. హాల్లో ముప్ఫై రెండు కుండీలున్నాయి. మొదటి వారంలో ఆ లాంజ్‌లో మనుషుల కంటే మొక్కలే ఎక్కువ తాగాయి.

వెనకదారి అంటే ర్యాంపు. నడవలేనివారు చక్రాల కుర్చీలో రావడానికి కట్టమని పైనుంచి నిబంధన ఉంది, కట్టారు, ధ్రువపత్రం కూడా వచ్చింది. ఆ ర్యాంపు మీద ఆ వారంలో నడిచినవారిలో కాలు బాగాలేనివారు ఒక్కరు, మొహం చెల్లనివారు తొంభై మంది.

లాంజ్ యజమాని పేరు బోర్డు మీద ‘ఎల్. రాజ్’ అని ఉంటుంది. తల్లిదండ్రులు పెట్టిన పేరు లోవరాజు. వయసు ముప్ఫై నాలుగు. కడియంలో పెద్ద నర్సరీ ఉన్న సత్తిబాబు గారి ఒక్కగానొక్క కొడుకు. అతని కింద శృతి అనే ఒక అమ్మాయి ‘అనుభూతి అధికారి’ హోదాలో పనిచేస్తోంది. వచ్చినవారి అనుభూతి దెబ్బతిందని గుర్తించి ఆ అమ్మాయి వెంటనే ఒక యాప్ చేయించింది. అందులో ‘లోపల మీ చుట్టాలెవరైనా ఉన్నారా? అవును / కాదు’ అని అడిగేవారు. అందరూ ‘కాదు’ నొక్కారు. ఆ తర్వాత యాప్ తన తెలివితో, ఒకే ఇంటిపేరున్న ఏడుగురిని కలిసి వచ్చిన బృందమని భావించి ఒకే బల్ల దగ్గర వేసింది. ఆ ఏడుగురూ ఫోన్లోంచి యాప్ తీసేశారు. ఇద్దరు ఫోనే మార్చేశారు.

అప్పుడు పిలుపుల పల్లంరాజును పిలిపించారు.

పల్లంరాజు నలభై ఏళ్ళు పిలుపులకు తిరిగినవాడు. ఎవరింట పెళ్ళయినా, గృహప్రవేశమైనా, కుంకుమ బరిణె పట్టుకుని ఇంటింటికీ వెళ్ళి, గడపలో నిలబడి, ‘ఫలానా వారింట శుభకార్యమండి, ఇంటిల్లిపాదీ రావాలి’ అని చెప్పి వచ్చేయడం అతని వృత్తి. అంతకు మించి ఒక్క మాట మాట్లాడేవాడు కాదు. మంచినీళ్ళు ఇస్తే తాగేవాడు, సంగతులు అడిగితే లేచేవాడు. ఇటు మాట అటు చేరవేసినవాడు రెండో ఏడాది పిలుపుకు పనికిరాడని అతని సిద్ధాంతం. వాట్సాప్ వచ్చాక అతనికి పని పోయింది. ఇప్పుడు పిలుపు ఒక్క నొక్కుతో మూడొందల ఇళ్ళకు వెళుతుంది, మూడొందల మందీ ‘చూడలేదండి’ అంటున్నారు.

లోవరాజు అతనికి వంటగది కిటికీలోంచి హాలు చూపించి, ఏం తెలుస్తోందో చెప్పమన్నాడు. పల్లంరాజు కాసేపు చూశాడు.

‘ఆ అద్దం పక్కనాయన, ఈ స్తంభం పక్కనాయనకి తోడల్లుడి పెదనాన్న. మధ్యలో కూర్చున్నాయన వీళ్ళిద్దరిళ్ళ పెళ్ళిళ్ళకీ వెళ్ళలేదు. కారణం ఉందండి.’

‘ఏంటండీ కారణం?’

‘అది చెప్పనండి.’

ఆ చివరి మాటకు ఉద్యోగం ఇచ్చారు. హోదా ‘చుట్టరికాల నియంత్రణాధికారి’. రాకపోకలన్నీ వెనకదారికే మార్చి, ర్యాంపు మొదట్లో ఒక బల్ల, ఒక రిజిస్టరు, ఒక నల్లకోటు ఇచ్చారు. (కోటు భుజాల దగ్గర వదులు. పదవి కూడా మొదట్లో వదులుగానే ఉంటుందని శృతి ధైర్యం చెప్పింది.)

సోఫాలు తీసేశారు. పన్నెండు చిన్న గదులుగా చేసి, ఒక్కోదానికి దళసరి తెర వేలాడదీసి, నంబర్లు వేశారు. నిబంధనలు శృతి రాసింది, పల్లంరాజు చెప్పాడు. మొదటి నిబంధన అన్నిటికీ తల్లి వంటిది: తెర వెనుక ఎవరున్నారో తెర ముందువారికి, తెర ముందు ఎవరున్నారో తెర వెనుకవారికి ఎట్టి పరిస్థితుల్లోనూ చెప్పరాదు. తండ్రి, పెదనాన్న, బాబాయి, మామగారు, అక్షరాలు దిద్దించిన మాస్టారు, వీరిలో ఎవరు లోపల ఉన్నా ఆ వరసకు చిన్నవారిని ర్యాంపు దగ్గరే ఆపి వేరుశనగ గుళ్ళు ఇవ్వాలి. (గుళ్ళు ఉచితం, ఆగడం తప్పనిసరి.) వియ్యంకులిద్దరూ ఒకే సాయంత్రం వస్తే ఇద్దరికీ మొదట వడ్డించాలి. ఇది ఎలా సాధ్యమని వంటవాడు అడిగితే, పెళ్ళిళ్ళలో ఎలా సాధ్యమైందో అలాగేనని పల్లంరాజు అన్నాడు. బావా బావమరుదులకు తెర అక్కరలేదు, వేసినా తీసేస్తారు. పొలం గట్టు తగాదా ఉన్న దాయాదులను మాత్రం పక్కపక్క గదుల్లోనే వేయాలి. అవతలవాడు లేవలేదని తెలిస్తే ఇవతలవాడు లేవడు. లాంజ్‌కు మూలస్తంభాలు వీరే.

వ్యవస్థ నిలబడింది. రాజమండ్రి వారూ, కోనసీమ వారూ, కొవ్వూరు నుంచి బ్రిడ్జి దాటి వచ్చినవారూ, అందరూ ఏసీ కోసం రాసాగారు. పూతరేకు చుట్టిన గ్లాసులో ఏదో తెల్లటిది, మామిడితాండ్ర వేసిన ఎర్రటిది, నాసిక్ నుంచి వచ్చిన వైను. (మనవైపు వైన్ షాపు అంటే వైను తప్ప అన్నీ దొరికే చోటు. నిజం వైను చూసి కొందరు సిరప్ అనుకున్నారు.) ఒకసారి బ్యాంకులో పనిచేసే ఒక కోడలు గారు, ఆవిడ అత్తగారు కలిసి వచ్చి, తెర వద్దని చెప్పి, ద్వారానికి ఎదురుగా కూర్చుని, తాండ్ర కాక్‌టెయిల్ చెప్పి, మా ఇంట్లోవాళ్ళు లోపలున్నారా అని చల్లగా అడిగారు. తెలియదని పల్లంరాజు అన్నాడు. ఆ మాట విని, ఆరో నంబరు, తొమ్మిదో నంబరు గదులవారు తర్వాత రెండున్నర గంటలు తెర దాటకుండా విశ్రాంతి తీసుకోవలసి వచ్చింది. లాంజ్ చరిత్రలో అంత సుదీర్ఘ విశ్రాంతి మరొకటి నమోదు కాలేదు.

అంతా సవ్యంగా సాగుతుండగా ఒక బుధవారం, పొద్దు వాలే వేళ, తెల్ల చొక్కా, ఇస్త్రీ పంచె, చంకలో గొడుగుతో సత్తిబాబు గారు ర్యాంపెక్కి వచ్చారు.

సత్తిబాబు గారి అసలు పేరు వీరవెంకటసత్యనారాయణ. రిజిస్టరు గడిలో పట్టదు కాబట్టి పల్లంరాజు రాయలేదు. రాయడానికి చెయ్యి ఆడక కూడా రాయలేదు. ఎందుకంటే ఈ సంస్థ యజమాని ఆయన కొడుకన్న సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు, ఆయన ఒక్కడికే తెలియదు. చెప్పినవారు లేరు. చెప్పాలంటే లోవరాజును ఎక్కడ చూశారో చెప్పాలి, అక్కడ తామెందుకున్నారో కూడా చెప్పాలి. కొడుకు రాజమండ్రిలో ‘ఫంక్షన్ల పని’ చేస్తున్నాడని ఆయనకు ఇంట్లో చెప్పారు.

ఇంట్లో చెప్పడమంటే తల్లి మాణిక్యాంబ గారు చెప్పడమే. తండ్రీకొడుకులకు అయిదేళ్ళుగా మాటల్లేవు. అయిదేళ్ళ క్రితం ఒక వానాకాలం, నాలుగు వేల గులాబీ అంటు మొక్కలను లోవరాజు చూసుకుంటానని చెప్పి, రెండు రోజులు నీళ్ళు నిలవబెట్టి కుళ్ళబెట్టాడు. సత్తిబాబు గారు కూలీలందరి ముందూ, ‘నీ చేతిలో గడ్డి కూడా మొలవదురా’ అన్నారు. లోవరాజు చేతులు కడుక్కుని వచ్చేశాడు. మళ్ళీ నర్సరీ గేటు దాటలేదు. ఒకే ఇంట్లో, ఒకే వేళకు, ఇద్దరూ భోజనం చేస్తారు. ‘మజ్జిగ కావాలేమో అడుగు’ అని ఒకరు, ‘చాలని చెప్పు’ అని ఇంకొకరు, మాణిక్యాంబ గారితో అంటారు. ఇద్దరి మధ్యా రెండు కంచాల దూరం.

పల్లంరాజు నిబంధన చూసుకున్నాడు. పెద్దవరస వారు లోపల ఉన్నప్పుడు చిన్నవరస వారు లోపల ఉండరాదు. చిన్నవరస వారు లాంజ్ యజమాని అయితే ఏం చేయాలో రాయలేదు. మినహాయింపూ రాయలేదు. వెళ్ళి ఒక్క ముక్క చెప్పాడు.

‘నాన్నగారండి.’

లోవరాజు సామాన్ల గదిలోకి వెళ్ళి సోడా పెట్టె మీద కూర్చున్నాడు. ఆ రోజు నుంచి ప్రతి బుధవారం యజమానిగారి స్థానం సోడా పెట్టె. తన లాంజ్‌లో తనకే సీటు దొరకని యజమాని జిల్లాలో ఇతనొక్కడే అయి ఉంటాడు. అలా అని ఏ కార్యాలయమూ ధ్రువీకరించలేదు.

సత్తిబాబు గారిది మూడో నంబరు గది. ఒక గ్లాసు ఎర్ర వైను, గంటసేపు. ఇంట్లో గట్టు మీద గాలికని చెప్పి వస్తారు. వచ్చిన రెండో వారమే ఆయన చూపు గ్లాసు మీద నుంచి గది మూలన కుండీలో ఉన్న అరెకా పామ్ మొక్క మీదికి మళ్ళింది. మూడో వారం కళ్ళజోడు పెట్టుకుని దాని మొదట్లో వేలు గుచ్చి మట్టి వాసన చూశారు. నాలుగో వారం పల్లంరాజును పిలిచారు.

‘పల్లంరాజూ, ఈ కుండీలో మందు పోస్తున్నారా?’

‘పోస్తున్నారండి.’

‘రోజూనా?’

‘మొహమాటపడ్డ ప్రతిసారీనండి.’

‘మరి ఇది చావాలి కదా. కొత్త ఆకు తీసింది చూడు. ఎవడు చూస్తాడు వీటిని?’

ఎవడు చూస్తాడో పల్లంరాజుకు తెలుసు. రోజూ పొద్దున్నే, తలుపులు తెరవకముందు, లోవరాజు బనీనుతో వచ్చి, ముప్ఫై రెండు కుండీల్లోనూ పైమట్టి తీసి, మంచినీళ్ళతో కడిగి, కొత్తది వేసి, ఆకు ఆకుకూ తడిగుడ్డ పెట్టి తుడుస్తాడు. మొదటి వారంలో పండుబారి వాలిపోయిన మొక్కలను ఒక్కొక్కటిగా లేపాడు. ఎవరూ చేయమనలేదు. ఎవరైనా చూస్తే బయటికి వెళ్ళి ఫోన్ మాట్లాడతాడు.

ఇదంతా తెలిసిన పల్లంరాజు, ఒక మనిషి ఉన్నాడండి అన్నాడు. మొదటి నిబంధన తాను చెప్పిందే కదా.

‘చెయ్యంటే అదీ,’ అన్నారు సత్తిబాబు గారు. ‘ముప్ఫై ఎకరాల్లో నా దగ్గర అలాంటి చెయ్యి ఒక్కటి లేదు.’

ఆ మాట పల్లంరాజు సామాన్ల గదికి చేరవేయలేదు. తలుపు మాత్రం ఓరగా తెరిచి ఉంచాడు. గాలి కోసం. లోపల సోడా పెట్టె కిర్రుమంది.

అయిదో బుధవారం సత్తిబాబు గారు తేల్చేశారు. తనకు అరవై ఎనిమిది. మోకాళ్ళు అరిగాయి. నర్సరీ ఎవరికో ఒకరికి అప్పజెప్పాలి. ఈ మొక్కలు చూసే మనిషిని తనకివ్వమని యజమానిని అడుగుతానన్నారు. ఏ సంస్థలోనైనా అడగడానికి ఒక పద్ధతి ఉంటుంది. శృతి ‘సిబ్బంది బదలాయింపు అభ్యర్థన, ఫారం పదకొండు’ తెచ్చి ఇచ్చింది. (మిగతా పది ఫారాలు ఏంటని ఎవరూ అడగలేదు. అడిగితే దానికో ఫారం ఉంది.)

సత్తిబాబు గారు అక్కడే కూర్చుని నింపారు. ‘ఖాళీ ఎలా ఏర్పడింది?’ అన్న గడిలో ‘కొడుకున్నాడు, పనికిరాడు’ అని రాశారు. ‘కొత్తవారిలో మీరు చూసిన అర్హత’ అన్న గడిలో ‘ఓపిక’ అని రాశారు. చివరి గడి దగ్గర ఆగారు. ఆ స్థానంలో ఇంతకు ముందున్న వారి నిరభ్యంతర సంతకం కావాలి. కాగితం మడిచి జేబులో పెట్టుకుని ఇంటికి వెళ్ళారు.

ఇంట్లో ఏం జరిగిందో మర్నాడు మాణిక్యాంబ గారు కూరల బండి దగ్గర పల్లంరాజుకు చెప్పారు. ఆవిడ చెప్పారు గానీ అతను అడగలేదు. రాత్రి అన్నాల దగ్గర, ‘దీని మీద సంతకం పెట్టమను వాణ్ణి’ అని ఆయన కాగితం ఇచ్చారు. లోవరాజు దాన్ని పైనుంచి కింది దాకా చదివాడు. తన లాంజ్ ఫారం, తండ్రి దస్తూరీ. ‘కొడుకున్నాడు, పనికిరాడు’ దగ్గర కాసేపు ఆగాడు. తర్వాత ‘ఓపిక’ దగ్గర అంతకంటే ఎక్కువసేపు ఆగాడు. చెయ్యి కడుక్కోకుండానే సంతకం పెట్టి, ‘ఇచ్చానని చెప్పమ్మా’ అన్నాడు. ఆయన దాన్ని చూసి, ‘అభ్యంతరం కూడా లేదన్నమాట వాడికి’ అని లేచిపోయారు, మజ్జిగ పోసుకోకుండా.

ఆరో బుధవారం ఫారం పల్లంరాజు బల్ల మీదికి వచ్చింది. కింద పులిహోర మరక, పక్కన లోవరాజు సంతకం. ఇక యజమాని ఆమోదం ఒక్కటే మిగిలింది. అంటే కొడుకు స్థానంలో వేరొకరు రావడానికి కొడుకు ఒప్పుకున్నాడు, ఆ వేరొకరిని వదులుకోవడానికి యజమాని ఒప్పుకోవాలి, వచ్చే ఆ వేరొకరూ ఈ కొడుకూ ఒకరే. ముగ్గురికీ కలిపి సోడా పెట్టె ఒక్కటి. వ్యవస్థలో ఎక్కడా లోపం లేదు. అన్ని గడులూ నిండాయి.

పల్లంరాజు ఆ కాగితాన్ని ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకు చూశాడు. నలభై ఏళ్ళలో ఒక్క ఇంటి మాట ఇంకో ఇంట చెప్పలేదు. ఇప్పుడు చెప్తే ఉద్యోగం సంగతి తర్వాత, ఈ వయసులో తన మాట తానే తప్పినట్టు. చెప్పకపోతే ఆ పెద్దాయన మోకాళ్ళ మీద ఇంకెన్నాళ్ళు తిరుగుతాడో, ఈ అబ్బాయి ఎన్నాళ్ళు పెట్టె మీద కూర్చుంటాడో. మాట చెప్పకూడదు. పిలుపు మాత్రం చెప్పవచ్చు. పిలవకూడదని ఏ నిబంధనలోనూ లేదు.

కోటు విప్పి కుర్చీకి తగిలించాడు. సంచీలోంచి కుంకుమ బరిణె తీశాడు. సామాన్ల గది తలుపు దగ్గర, గడప బయట నిలబడ్డాడు. లోవరాజు కొత్తగా కలిపిన తాండ్ర కాక్‌టెయిల్ రుచి చూస్తూ గ్లాసు పట్టుకుని ఉన్నాడు.

‘మూడో నంబరు వారింట శుభకార్యమండి. తమరు రావాలి.’

లోవరాజు అతని మొహంలోకి చూశాడు. బరిణె వైపు చూశాడు. పిలుపుకు వెళ్ళకపోవడం మనవైపు లేదు. లేచి, చేతిలో గ్లాసు ఉన్న సంగతి మరిచిపోయి, అతని వెనకాలే వెళ్ళాడు. పల్లంరాజు మూడో నంబరు తెర పక్కకు లాగాడు.

తండ్రి కొడుకును చూశాడు. కొడుకు తండ్రిని చూశాడు. ఇద్దరి చేతుల్లోనూ గ్లాసులున్నాయి. మధ్యలో అరెకా మొక్క ఉంది. అటు నుంచి ఎర్ర వైను, ఇటు నుంచి తాండ్ర కాక్‌టెయిల్, ఒకే క్షణంలో కుండీలో పడ్డాయి. వేల ఏళ్ళ మర్యాద అది, చెయ్యి దానంతట అదే వంగుతుంది.

సత్తిబాబు గారు ఖాళీ గ్లాసును పంచె చాటుకు తీసుకున్నారు. అప్పుడు కొడుకు చేతివేళ్ళ వైపు చూశారు. గోళ్ళ కింద మట్టి ఉంది. చాలాసేపు దాన్నే చూశారు.

‘ఈ కుండీ మట్టి రేపు మార్చాలి,’ అన్నారు.

‘మారుస్తానండి.’

‘వేపపిండి కలుపు.’

‘ఆయ్, అలాగేనండి.’

అయిదేళ్ళలో తల్లి లేకుండా వారు మాట్లాడుకున్న మాటలు ఇవే. పల్లంరాజు తెర వేసేశాడు. లోవరాజు తెర ఇవతలే నిలబడిపోయాడు. తెర అవతల నుంచి ముక్కు చీదిన చప్పుడు వచ్చింది. ఏసీ ఎక్కువైందని శృతి కొంచెం తగ్గించింది.

ఫారం పదకొండు సక్రమంగా పరిష్కారమైంది. ‘ఖాళీ ఏర్పరచిన వ్యక్తితోనే ఖాళీ పూరించడమైనది’ అని యజమాని హోదాలో లోవరాజు రాసి సంతకం పెట్టాడు. యజమాని ఎవరో సత్తిబాబు గారికి ఆ సంతకంతోనే తెలిసింది. ఉదయం నర్సరీ, సాయంత్రం లాంజ్. మొదటి నిబంధన ఉల్లంఘన జరిగిందా అని విచారణ కూడా జరిగింది. అధికారి ఎవరి పేరూ చెప్పలేదని, కేవలం శుభకార్యానికి పిలిచాడని, శుభకార్యం జరిగిందని తేల్చి దస్త్రం మూసేశారు.

ఇప్పటికీ ప్రతి బుధవారం సత్తిబాబు గారు వస్తారు. మూడో నంబరు ఆయనది, నాలుగో నంబరు కొడుకుది. సోడా పెట్టె సోడాలకు వదిలేశారు. ఆయన మొక్కల సంగతి అడుగుతారు, ఇతను చెబుతాడు. గులాబీ అంట్ల ప్రస్తావన ఒక్కసారే వచ్చింది. ఆ ఏడాది వాన ఎక్కువేనని ఆయనే అన్నారు. మధ్యలో తెర తీసేద్దామా అని శృతి అడిగితే ఇద్దరూ ఒక్కసారే వద్దన్నారు. ఒకే మాట మీద తండ్రీకొడుకులు నిలబడడం ఆ ఇంట్లో అదే మొదలని పల్లంరాజుకు తెలుసు.

నలభై ఏళ్ళు ఇళ్ళ గడపల్లో నిలబడి ఇంత దగ్గరైన తండ్రీకొడుకులను తాను చూడలేదని అతను ఒప్పుకుంటాడు. మధ్యలో ఒక్క గుడ్డ ముక్కే అడ్డం.